అడగని పది ప్రశ్నలు

ఆడవాళ్ళ ఫారం నింపడానికి దేవికకు అర నిమిషం చాలు. పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు రాసి, కింద పది గడుల్లో పది సున్నాలు చుట్టేస్తే అయిపోయినట్టే. మగవాళ్ళ ఫారమే పెద్ద తతంగం. వాళ్ళను పక్క గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, వారానికి ఎన్నిసార్లు తాగుతావు, కూర్చుంటే ఎంత తాగుతావు, పొద్దున లేవగానే చుక్క పడకపోతే ఒళ్ళు పని చేయదా అని ఒక్కొక్కటే చదవాలి. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు పండుగకు మాత్రమే అంటారు, ఏడాదికి ఎన్ని పండుగలు అని అడిగితే వేళ్ళు మడవడం మొదలుపెడతారు. ఒకాయన తన సంగతి పక్కన పెట్టి బామ్మర్ది తాగుడు గురించి పావుగంట చెప్పి, ఇది కూడా రాసుకో అన్నాడు.

రాందాస్ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే సందులో ఉంటుంది డాక్టర్ రంజిత్ దవాఖాన. కింద ఓపీ, పైన ఆరు మంచాలు. జ్వరాలు, షుగర్లు, బీపీలు, కడుపునొప్పులు అన్నీ ఆయనే చూస్తాడు. హైదరాబాద్‌లో ఆయనకు చదువు చెప్పిన మదన్ మోహన్ సారు చిన్న ఊళ్ళ దవాఖానల్లో ఒక సర్వే పెట్టుకున్నాడు. వేరే ఏవో జబ్బులకు వచ్చే మామూలు పేషెంట్లలో తాగుడు జబ్బు ఎందరికి ఉందో తేల్చాలట. ఒక్కో జవాబుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం ఎనిమిది దాటితే ఆ మనిషి మీద కన్నేసి ఉంచాలి. మెదక్ వంతు రంజిత్ తీసుకున్నాడు, ఫారాలు నింపే పని స్టాఫ్ నర్సు దేవిక మెడలో పడింది.

మొదటి రోజు ఆమె ఆడవాళ్ళను కూడా అడగబోయింది. మోకాళ్ళ నొప్పులని టేక్మాల్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ముందు మొదటి ప్రశ్న చదివిందో లేదో, వెంట వచ్చిన కోడలు లేచి నిలబడి, మా అత్త నీ కంటికి తాగుబోతు లెక్క కనిపిస్తుందా అని ఓపీ అంతా వినేట్టు నిలదీసింది. కూర్చున్న వాళ్ళందరి తలలూ ఇటు తిరిగాయి. దేవిక మొహం మాడిపోయింది. ఇక ఆ రోజు నుంచి సున్నాలే. ఎవరికీ కోపం లేదు, ఎవరికీ నామోషీ లేదు. ఆడమనిషిని పట్టుకుని తాగుతావా అని ఎలా అడుగుతాం, అది మర్యాదేనా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సోమవారం పదకొండు గంటలకు పాపన్నపేట వైపు నుంచి నర్సింగం అనే ట్రాక్టర్ డ్రైవరు తన తల్లిని చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. ఆమె పేరు బాలనర్సమ్మ, యాభై రెండేళ్ళు, కూలికి నాట్లు వేస్తుంది. నాలుగు రోజుల కింద మడిలో పాదానికి ఏదో గుచ్చుకుంది. పసుపు అద్దుకుని మళ్ళీ అదే బురదలోకి దిగింది. ఇప్పుడు కాలు మోకాలి దాకా వాచి, చర్మం నిగనిగలాడుతోంది. డాక్టర్ వేలితో నొక్కి చూసి, అయిదు రోజులు పైనే ఉండాలని, కాలు కింద పెట్టవద్దని, బయటి తిండి వద్దని చెప్పాడు.

దేవిక ఆమెను మెట్ల పక్క మంచం మీద పడుకోబెట్టింది. ఎరుపు ఎంతవరకు పాకిందో తెలియడానికి బాల్ పెన్నుతో కాలి చుట్టూ గీత గీసింది. గీత దాటి ఎరుపు పైకి పోతే ప్రమాదమని చెబితే బాలనర్సమ్మ, పొలానికి ఒడ్డు పెట్టినట్టు పెట్టినవు బిడ్డా అని నవ్వింది. నరం దొరకడం కష్టమైంది. ఎండకు, నీళ్ళకు మొరటెక్కిన చేయి. రెండుసార్లు గుచ్చినా ఆమె కిక్కురుమనలేదు. సెలైన్ ఎక్కుతుండగా దేవిక బీపీ మిషన్ డబ్బా మీద ఫారం పెట్టుకుని పేరు, వయసు, ఊరు రాసి, పది సున్నాలు చుట్టి ఫైల్లో పెట్టేసింది. ఆ సమయంలో ఆమె మనసంతా రెండో మంచం దగ్గర అయిపోవచ్చిన బాటిల్ మీద ఉంది.

సాయంత్రం డాక్టర్ రంజిత్ ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమనడం అరుదు కాబట్టి దేవిక భయపడింది. కానీ ఆయన మొహం వెలిగిపోతోంది. మదన్ మోహన్ సారు ఫోన్ చేశాడట. ఇప్పటిదాకా పంపిన లెక్కలు చూశాడట. మెదక్ దవాఖానలో నూట పన్నెండు మంది ఆడవాళ్ళను అడిగితే ఒక్కరంటే ఒక్కరికి కూడా తాగే అలవాటు లేదు, ఇది విడిగా రాయాల్సిన విషయం అన్నాడట. శుక్రవారం ఆయనే స్వయంగా వచ్చి ఫారాలు చూసి, నింపిన నర్సుతో మాట్లాడతాడట.

దేవిక తల ఊపి బయటికి వచ్చింది. ఫారం అంటే ఫారమే, ఎక్కడో బీరువాలో పడి ఉంటుందనుకుంది. అది హైదరాబాద్ దాకా పోయి నిజం అయి కూర్చుంటుందని ఆమె ఏ రోజూ అనుకోలేదు. నూట పన్నెండు మందికీ ఫోన్ చేసి ఇప్పుడు అడిగితే అన్న ఆలోచన వచ్చింది. కానీ ఆ నంబర్లలో సగం కొడుకులవి, మొగుళ్ళవి. మీ అమ్మ తాగుతుందా, మీ ఆవిడ తాగుతుందా అని ఎవరిని అడుగుతుంది?

మంగళవారం పొద్దున ఎరుపు గీత దాటలేదు. జ్వరం తగ్గింది. బాలనర్సమ్మ గలగలా మాట్లాడింది. ఎకరం మడికి ఎంతమంది కూలీలు కావాలో, వరుస తప్పకుండా వెనక్కి నడుస్తూ ఎలా నాటాలో, ఈసారి వాన ఎలా మోసం చేసిందో చెప్పింది. నర్సింగం ఇంటి నుంచి రొట్టె తెచ్చి ఇచ్చి, మడి దున్ని దమ్ము చేసే పని ఉందని ట్రాక్టర్ మీదికి వెళ్ళిపోయాడు. దేవిక ఆమెకు మందులు ఇస్తూ, ఆమె మాటలు వింటూ, మనసులో మాత్రం శుక్రవారానికి ఎన్ని గంటలున్నాయో లెక్క పెట్టుకుంటూ ఉంది.

మధ్యాహ్నం తర్వాత బాలనర్సమ్మ మాటలు తగ్గాయి. ఫ్యాన్ తిరుగుతున్నా మొహం మీద చెమటలు. నీళ్ళ గ్లాసు పట్టుకుంటే నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. దేవిక షుగర్ చూసింది, బాగానే ఉంది. బీపీ కొంచెం ఎక్కువ. డాక్టర్‌కు చెబితే, కొత్త చోటు కదా, పరేషాన్ అవుతుండవచ్చు, చూస్తూ ఉండమన్నాడు. పొద్దు వాలే వేళకు బాలనర్సమ్మ దేవిక కొంగు పట్టుకుని, జర బయటికి పోయి గంటలో వస్తా, ఆటో ఎక్కించమని బతిమాలింది. ఎక్కడికి అంటే చెప్పలేదు. కాలు కింద పెడితే కాలే పోతుందని దేవిక కసిరింది. అప్పుడు కూడా అడగవచ్చు, ఎక్కడికి పోతావు, ఏం కావాలి అని కూర్చుని ఒక్క నిమిషం అడగవచ్చు. కానీ దేవిక బుర్ర నిండా తన భయమే ఉంది, ఇంకొకరి భయానికి చోటు లేదు.

బుధవారం పొద్దున డ్యూటీ అప్పగిస్తూ క్రిస్టినా సిస్టర్ మొహం బాగాలేదు. మెట్ల పక్క మంచం ఆమె రాత్రంతా కన్ను మూయలేదట. గోడ మీద చీమలు పారుతున్నాయని దుప్పటితో కొడుతూనే ఉందట. రెండుసార్లు సూది పీకేసిందట. క్రిస్టినా వెళ్ళిపోయాక దేవిక మంచం దగ్గరికి వెళ్ళి పెద్దమ్మా అని పిలిచింది. బాలనర్సమ్మ ఆమె వైపు చూసింది కానీ ఆమెను చూడలేదు. వేళ్ళతో దుప్పటి మీద ఏదో ఏరుతోంది, ఏరిన దాన్ని పక్కకు గుచ్చుతోంది. నారు పట్టుకుని నాటు వేస్తున్నట్టు ఆ చేతులు ఆగకుండా ఆడుతున్నాయి.

తొమ్మిదిన్నరకు ఆమె ఒళ్ళంతా కొయ్యబారింది. తల వెనక్కి విరిగింది, పళ్ళు బిగుసుకున్నాయి, మంచం ఇనుప కాళ్ళు నేల మీద టకటకలాడాయి. దేవిక ఆమెను పక్కకు తిప్పి, నోటి నుంచి కారేదాన్ని గుడ్డతో తుడుస్తూ, డాక్టర్ కోసం కేక వేసింది. పక్క మంచాల వాళ్ళు లేచి గోడకు ఆనుకున్నారు. ఫిట్స్ రెండు నిమిషాలు ఉంది. తగ్గిన పావుగంటకే మళ్ళీ వచ్చింది.

డాక్టర్ రంజిత్ కంట్లో లైటు వేసి చూశాడు. మెడ వంచి చూశాడు. జ్వరం లేదు. షుగర్ బాగుంది. కాలు నిన్నటికన్నా నయం. ఫైలు తీసి కాగితాలు తిప్పి, ఒక కాగితం దగ్గర ఆగాడు.

“ఇదంత చూస్తే రోజు తాగెటోళ్ళకు బందైతే వచ్చే ఫిట్స్ లెక్కనే ఉంది. గానీ స్కోర్ జీరో ఉంది” అని తల ఎత్తాడు. “నువ్వు సరిగ్గ అడిగినవు గదా దేవికా?”

ఇప్పుడు చెప్పవచ్చు. నోట్లో మాట ఉంది కూడా. అడగలేదు సార్ అంటే అయిపోతుంది. కానీ ఆ ఒక్క మాట వెనక నూట పన్నెండు ఫారాలున్నాయి, శుక్రవారం వచ్చే పెద్ద సారున్నాడు, వెలిగిపోయిన ఈ సారు మొహం ఉంది. ఉద్యోగం పోతే పోనీ, ఈ ఊళ్ళో దొంగ రాతల నర్సు అన్న పేరు పడితే మరే దవాఖానలో గడప తొక్కనిస్తారు?

“అడిగిన సార్” అంది.

ఆమె మాట మీద డాక్టర్‌కు పూర్తి నమ్మకం. కాగితం మూసి, అయితే చీము రక్తంలో కలిసి తలకు ఎక్కిందేమో, ఇక్కడ స్కానింగ్ లేదు, హైదరాబాద్ పంపించక తప్పదని అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. బండి అరగంటలో వస్తుందన్నారు. తూప్రాన్ మీదుగా రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. దారిలో మళ్ళీ ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పు. ఆ సంగతి కొడుక్కి చెప్పి, సంతకం తీసుకుని రమ్మని దేవికను పంపాడు.

నర్సింగం కింద గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడి బురద ఎండి ఉంది. కబురు అందగానే ట్రాక్టర్ మడిలోనే వదిలేసి షేర్ ఆటో ఎక్కి వచ్చాడు. దేవిక కాగితం చేతికిచ్చి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించింది. అతను పెన్ను పట్టుకుని, అమ్మ బతుకుతదా మేడం అని అడిగాడు. దేవిక గొంతు తగ్గించి తన ప్రశ్న తాను అడిగింది.

“మీ అమ్మ తాగుతదా?”

“మా అమ్మనా?” అతని మొహంలో నొప్పి కనిపించింది. “తాగదు మేడం. మా నాయిన తాగి తాగి సచ్చిండు. ఆ బ్రాందీ వాసనొస్తెనే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంటది.”

దేవికకు గుండె మీది బండ దిగినట్టయింది. తను రాసిన సున్నా నిజమే. అడగకపోయినా నిజమే రాసింది. అంబులెన్స్ హారన్ సందు మొదట్లో వినిపించింది. కాగితం తీసుకుని రెండు అడుగులు వేసింది. అప్పుడు, తను ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుందో తనకే తెలిసింది. పైన ఆ మనిషి చావుబతుకుల్లో ఉంటే తను సంతోషపడుతోంది. వెనక్కి తిరిగింది.

“కల్లు?”

“కల్లు తాగుతది” అన్నాడు నర్సింగం, అన్నం తింటుంది అన్నంత మామూలుగా. “పొద్దుగూకంగ రెండు సీసలు. నాట్లప్పుడు మూడు. లేకుంటె నడుం లేవదు గదా. కల్లు తాగుడెట్లయితది మేడం? మా తాన ఆడోళ్ళు, మొగోళ్ళు అందరు తాగుతరు.”

రోజూనా అని అడిగింది. తనకు తెలివి వచ్చిన దగ్గర నుంచి రోజూ అన్నాడు. చివరిసారి ఎప్పుడు అంటే, ఆదివారం పొద్దుగూకినప్పుడు అన్నాడు. తనే దుకాణం నుంచి తెచ్చి ఇచ్చాడట. ఇక్కడికి తెద్దామనుకున్నాడు కానీ సారు బయటిది ఏదీ వద్దన్నాడు కదా అని ఊరుకున్నాడట.

దేవికకు లాక్‌డౌన్ నాటి రోజులు కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు ఆమె నర్సింగ్ చదువుతూ పెద్దాసుపత్రిలో డ్యూటీ చేసేది. కల్లు దుకాణాలు మూసేసిన మూడో నాటికి ఊళ్ళ నుంచి మనుషులు వరసగా వచ్చారు, చేతులు వణుకుతూ, గోడల మీద పురుగులను చూస్తూ, ఫిట్స్‌తో పడిపోతూ. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. చాలా దుకాణాల్లో చెట్టు కల్లు పేరుకే, కలిపేదంతా నిద్ర పొడి అని అప్పుడు డాక్టర్లు అనుకోవడం ఆమె చెవులతో విన్నది. ఇంత తెలిసి కూడా పది గడుల దగ్గర ఆమెకు కల్లు గుర్తు రాలేదు. కల్లును తాగుడు కింద లెక్క వేయకపోవడంలో ఆమెకూ నర్సింగానికీ తేడా లేదు.

ఆమె మెట్లు రెండేసి ఎక్కింది. స్ట్రెచర్ అప్పటికే మలుపు దగ్గర వంపు తిరుగుతోంది. దాని మీద బాలనర్సమ్మ నోరు ఒక పక్కకు లాగుతోంది.

“సార్, రోజు కల్లు తాగుతదంట. ఆదివారం సంది లేదు.”

డాక్టర్ రంజిత్ ఒక్క క్షణం ఆమె వైపు చూసి, స్ట్రెచర్ వెనక్కి తిప్పమన్నాడు. పరుగున వెళ్ళి తనే ఫ్రిజ్ తెరిచి ఇంజెక్షన్ తీశాడు. దేవిక చేయి పట్టుకుంది, ఆయన నరంలోకి నెమ్మదిగా ఎక్కించాడు. మందు లోపలికి పోతుంటే బాలనర్సమ్మ బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విడిపోవడం దేవిక చూసింది.

“నీకు చెప్పలేదా?” అన్నాడు తర్వాత, సిరంజి ట్రేలో పెడుతూ.

“చెప్పలేదు సార్.”

ఆ మాట నిజమే. నిజమే కాబట్టి దేవికకు ఇంకా సిగ్గేసింది.

అంబులెన్స్ ఖాళీగా వెళ్ళిపోయింది. గంట గంటకూ బీపీ చూస్తూ, నాలుగు గంటలకొకసారి ఇంజెక్షన్ ఇస్తూ, బీ విటమిన్ సెలైన్‌లో కలిపి ఎక్కిస్తూ ఆ పగలంతా గడిచింది. మధ్యాహ్నం ఒకసారి చిన్నగా ఫిట్స్ వచ్చింది. అప్పుడు దేవిక మంచం కడ్డీ పట్టుకుని, ఈమె పోతే నేను చంపినట్టే అని మనసులో స్పష్టంగా అనుకుంది. ఆ ఊహ వచ్చాక ఉద్యోగం, పేరు, శుక్రవారం అన్నీ ఎక్కడో దూరంగా జరిగిపోయాయి. చర్చి గంట సాయంత్రం ఆరు కొట్టేసరికి బాలనర్సమ్మ గురక పెడుతోంది. నర్సింగం తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చుని, దేవికకు దండం పెట్టాడు. మీరు అడగబట్టి బతికింది మేడం అన్నాడు. దేవిక చెప్పులు వేసుకుని పారిపోయినట్టు ఇంటికి వెళ్ళింది.

గురువారం పొద్దున బాలనర్సమ్మ దిండుకు ఆనుకుని టీ తాగుతోంది. చేతులు ఇంకా కొంచెం వణుకుతున్నాయి కానీ టీ ఒలకలేదు. నిన్నటిదేదీ ఆమెకు జ్ఞాపకం లేదు. కలలో చాలా పెద్ద మడి నాటాను, ఒక్కదాన్నే, ఎంతకీ ఒడ్డు రాలేదు అని దేవికకు చెప్పింది. పెదవి లోపల కొరుక్కున్న చోట మండుతోందని చూపించింది. దేవిక దూదితో మందు అద్దింది. ఇవాళ చెప్పేయాలి అనుకుంటూనే దూది పారేసింది, ట్రే కడిగింది, చార్టు రాసింది. చెప్పడానికి మంచి సమయం కోసం చూసింది. అలాంటిది రాలేదు.

పదింటికి డాక్టర్ రౌండ్స్‌కు వచ్చాడు. ఆరు మంచాలూ నిండి ఉన్నాయి, వెంట వచ్చిన చుట్టాలు గోడల పక్కన నిలబడి ఉన్నారు. ఆయన బాలనర్సమ్మ కాలు చూశాడు, నాలుక చాపమన్నాడు, చేతులు ముందుకు పెట్టమన్నాడు. తృప్తిపడ్డాడు. తృప్తిపడ్డాక ఆయనకు కోపం వచ్చింది. మంచి డాక్టర్లకు వచ్చే కోపమే అది, కానీ తప్పు మనిషి మీదికి పోయింది.

“సిస్టర్ అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలెనా, వద్దా?” అన్నాడు అందరికీ వినపడేట్టు. “నువ్వు తాగనంటే నేనేమనుకోవాలె? నీ అబద్ధంతోని నీ పానమే పోతుండె. నీ కొడుకు తల్లి లేనోడైతుండె.”

బాలనర్సమ్మ నోరు కొంచెం తెరిచి ఆయన వైపు చూసింది. తర్వాత దేవిక వైపు చూసింది. దేవిక ఆ చూపులో కోపం కోసం వెతికింది. కోపం ఉంటే తట్టుకోగలిగేది. లేదు. ఆ ముసలి కళ్ళు నుదురు ముడిపడేట్టు ఏదో గుర్తు చేసుకోవడానికి కష్టపడుతున్నాయి. చదువుకున్న పిల్ల, తెల్ల బట్టల పిల్ల అడగకుండా అడిగానని ఎందుకు చెబుతుంది? తప్పు తన మతిదే అయి ఉండాలి.

“అడిగినవేమో బిడ్డా. కాలు నొప్పిల నాకు యాదికి లేదు” అంది మెల్లగా. సెలైన్ గొట్టం వేలాడుతున్న చేతిని రెండో చేతితో కలిపి డాక్టర్‌కు దండం పెట్టింది. “తప్పైంది సారూ.”

దేవిక చార్టు ప్యాడ్ మంచం మీద పెట్టింది. భయం పోలేదు. భయంతోనే నోరు తెరిచింది.

“సార్, ఆమె అబద్ధం చెప్పలేదు. నేను అడగలేదు.”

డాక్టర్ రంజిత్ ఆమె వైపు తిరిగాడు. అర్థం కాలేదు ముందు. అర్థమయ్యాక ఆయన చెంపలు ఎర్రబడ్డాయి.

“ఈమెనొక్కదాన్నేనా?”

“ఆడోళ్ళను ఎవ్వర్ని అడగలేదు సార్. నూట పన్నెండు మందిని అడగలేదు. మీరు నిన్న అడిగితే గూడ అబద్ధం చెప్పిన.”

గోడ పక్కన నిలబడిన ఒకావిడ తల దించుకుని తన చేతి వేళ్ళు చూసుకుంది. డాక్టర్ ఫైలు తెరిచాడు, ఆ కాగితం మీద పది సున్నాలను పై నుంచి కింది దాకా చూశాడు. ఏదో పెద్ద మాట వస్తుందని దేవిక ఎదురుచూసింది. కానీ ఆయన గొంతు తగ్గిపోయింది.

“నేను గూడ కాయితమే చూసిన. ఆమె దిక్కు చూసి ఒక్క మాట అడగలె” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. రేపు మదన్ మోహన్ సారు వస్తాడని, ఈ సంగతి ఆయనకు దేవికే చెప్పాలని అన్నాడు. బాలనర్సమ్మ వైపు తిరిగి, నీ తప్పు లేదమ్మా అన్నాడు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. ఆయన తరువాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

దేవిక కిందికి వెళ్ళి కొత్త ఫారం ఒకటి తెచ్చింది. స్టూలు లాక్కుని బాలనర్సమ్మ తల దగ్గర కూర్చుంది. పెన్ను క్యాప్ తీసి, మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి ఆగిపోయింది. బాలనర్సమ్మ ఆమె వైపు తిరిగింది.

“నన్నడగనీకి నీకేం భయమైంది బిడ్డా? నేనేమన్న కొడ్తనా?”

దేవిక టేక్మాల్ కోడలి సంగతి చెప్పింది. అందరిలో పరువు పోయిందని, మళ్ళీ ఎవరైనా అంటారేమోనని చెప్పింది. చెబుతుంటే అది ఎంత చిన్న కారణమో ఆమెకే వినపడింది. బాలనర్సమ్మ నవ్వబోతే పెదవి మండి ఆగిపోయింది. అడుగు అంది. కల్లు కూడా చెప్పాలా అంటే, కల్లే చెప్పాలి అంది దేవిక.

ఒక్కొక్క ప్రశ్న చదివింది. బాలనర్సమ్మ దాచలేదు, తడుముకోలేదు. రోజూ తాగుతుంది. రెండు సీసలు, నాట్లలో మూడు. మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఎప్పుడూ చేతకాలేదు. పొద్దున్నే తాగకపోతే ఒళ్ళు లేవని రోజులున్నాయా అంటే, నాట్ల కాలంలో ఉన్నాయంది, అలాంటప్పుడు రాత్రిది సగం సీస దాచుకుంటుందట, దినమంతా నడుం వంచి బురదలో నిలబడాలి కదా. రాత్రి జరిగింది తెల్లారి గుర్తు లేకపోవడం ఉంది. ఒకసారి పొయ్యి మీద పడి మోచేయి కాలింది, మచ్చ చూపించింది. తాగినందుకు బాధపడ్డావా అని చదివితే, బిడ్డ పెండ్లినాడు బాధపడ్డాను అంది. మార్కులు ఎనిమిది ఎప్పుడో దాటిపోయాయి. దేవిక ఏ జవాబూ మార్చకుండా, ఏదీ తగ్గించకుండా రాసింది. మధ్యలో బాలనర్సమ్మ, ఇక జన్మలో తాగవద్దంటారా అని అడిగింది. ఒక్కసారిగా మానేస్తే నిన్నటిలాగే అవుతుందని, గోళీలు ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారని దేవిక చెబితే, ఆమె భయంగానే సరే అంది.

పదో ప్రశ్న మిగిలింది. ఇంట్లోవాళ్ళు గానీ, చుట్టాలు గానీ, డాక్టర్ గానీ, దవాఖానలో ఇంకెవరైనా గానీ నీ తాగుడు గురించి ఎప్పుడైనా రంది పడ్డారా, తగ్గించమని అడిగారా అని దేవిక చదివింది.

బాలనర్సమ్మ మంచం కడ్డీ పట్టుకుని కొంచెం పైకి జరిగింది.

“మొగోళ్ళు తాగితే అడుగుతరు బిడ్డా, కొట్లాడుతరు, ఏడుస్తరు. నన్నెవరడిగిండ్రు? యాభై ఏండ్లొచ్చినయి, కాన్పులకు పోయిన, జెరమొస్తే పోయిన, ఏ దవాఖానల ఎవ్వరు అడగలె” అంది. నరం దొరక్క గుచ్చిన చోట్ల నల్లగా కమిలిన చేతిని చాపి దేవిక చేతిని పట్టుకుంది. “నువ్వొక్కదానివే అడిగినవు.”